పాత సినిమాల్లోని మురికి నగరాల మీద బెంగ: ఒక ప్రొజెక్టర్ ఆపరేటరు జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు 2000 తర్వాత పుట్టారు. 1970ల న్యూయార్కునూ 1980ల బొంబాయినీ సినిమాల్లో తప్ప ఎన్నడూ చూడలేదు. అయినా చెత్తకుప్పలు, ఇరుకు గదులు, జేబుదొంగలు, వానలో తడిసిన ట్యాక్సీలు తెర మీద కనిపించినప్పుడల్లా విడిచి వచ్చిన సొంత ఊరేదో గుర్తొచ్చినట్టు మీకు బెంగ కలుగుతోంది. అది ఆ నగరాల గొప్పతనమా, కెమెరా మాయా అని అడిగారు. ఇప్పటి సినిమాల్లో నగరం ఎందుకు వ్యాపార ప్రకటనలా ఉంటోందని అడిగారు. 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశంలో మూడో స్థానం తెచ్చుకున్న మన వైజాగ్‌కు అలాంటి గరుకు సినిమా ఒక్కటి కూడా ఎందుకు లేదని చివర్లో కొంచెం నిష్ఠూరంగానే అడిగారు.

నేను కెమెరా పట్టినవాణ్ణి కాను. 1979లో వన్‌టౌన్‌లోని ఒక సినిమా హాల్లో సహాయ ఆపరేటరుగా చేరి, 2012లో రీళ్ళు పోయి డిజిటల్ వచ్చేదాకా ప్రొజెక్టర్ క్యాబిన్‌లోనే బతికాను. ఈ ఉద్యోగం వల్ల ఒక వింత అలవాటు పట్టుకుంటుంది. ప్రేక్షకుడు ఒక సినిమాను ఒకసారి చూస్తాడు, బాగా నచ్చితే రెండోసారి చూస్తాడు. ఆపరేటరు మాత్రం రోజుకు నాలుగు ఆటల చొప్పున వారంలో 28 సార్లు చూస్తాడు. ఏడెనిమిది ఆటలు గడిచేసరికి హీరో ఏం చేయబోతున్నాడో, ఏ మాటకు ఈలలు పడతాయో కంఠతా వచ్చేస్తుంది గనుక కళ్ళు వాటంతట అవే హీరోను వదిలేసి ఫ్రేము అంచులకు పోతాయి. అక్కడ సోడా బండివాడు ఉంటాడు, బస్సు కిటికీలోంచి తల బయటపెట్టిన పిల్ల ఉంటుంది, కెమెరాను చూసి ఒక్క క్షణం తడబడి మళ్ళీ తన దారిన పోయే మనిషి ఉంటాడు. మీ ప్రశ్నకు నేను ఇచ్చే జవాబంతా ఆ అంచుల్లో చూసినదే. మీకు కలుగుతున్న బెంగ నిజమైనదే, కాని అది మురికి మీదా పేదరికం మీదా పుట్టినది కాదని నా అభిప్రాయం. హీరో ఎవరో, కథ ఏమిటో తనకు పట్టనట్టు తన పని తాను చేసుకుపోతున్న ఊరిని చూడడం మీకు నచ్చుతోంది. మురికి దాని పక్కన నిలబడి ఉండడం వల్ల ఆ ఖ్యాతిలో వాటా కొట్టేసింది.

ముందు మాయ సంగతి చెబుతాను, అందులో కొంత పని అనుభవం ఉంది కాబట్టి. 1970ల తొలి సంవత్సరాల్లో అమెరికన్ సినిమాలకు విరివిగా వాడిన ఈస్ట్‌మన్ కలర్ నెగటివ్ వేగం, అంటే వెలుతురును పట్టుకునే శక్తి, 100 ఏఎస్‌ఏ మాత్రమే. ఇప్పుడు మీ జేబులోని ఫోను చీకట్లో ఎంతమేరకు చూడగలదో దానితో పోలిస్తే ఆ ఫిల్ముకు రేచీకటి ఉన్నట్టే లెక్క. దానితో రాత్రి వీధిని తీయాలంటే పెద్ద పెద్ద దీపాలు తెచ్చి పెట్టాలి, లేకపోతే దుకాణాల వెలుతురుతోనే తీసేసి, ల్యాబులో నెగటివ్‌ను మామూలుకంటే ఎక్కువసేపు డెవలప్ చేయించాలి. రెండో దారి పట్టినప్పుడు గ్రెయిన్, అంటే బొమ్మ మీద సన్నటి ఇసుక చల్లినట్టుండే గరుకు, లేస్తుంది, నలుపు చిక్కదనం పోయి బూడిదరంగుకు తిరుగుతుంది, నియాన్ అక్షరాల చుట్టూ తడి కాగితం మీద సిరా పాకినట్టు రంగు పాకుతుంది. మీరు గరుకుదనం అంటున్న దానిలో సగం ఈ రసాయనాల్లో పుట్టింది. మిగిలిన దానిలో కొంత వీధి దీపాలది. పాదరసపు దీపం కింద మనిషి ముఖం ఆకుపచ్చగా పాలిపోయినట్టు ఉండేది, సోడియం దీపం కింద వీధంతా పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టు ఉండేది. లాస్ ఏంజెలెస్ 2009లో తన వీధి దీపాలను ఎల్‌ఈడీకి మార్చడం మొదలుపెట్టింది. మన ఊళ్ళో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి స్తంభాలను పడగొట్టి పోయాక, ఊరంతా ఎల్‌ఈడీ దీపాలు వెలిశాయి. కాబట్టి మీరు మెచ్చుకునే ఆ రాత్రి రంగు ఇప్పుడు తీద్దామన్నా బీచ్ రోడ్డులోనూ దొరకదు, బ్రాడ్వేలోనూ దొరకదు.

మూడో పొర మా చేతుల్లో పడింది. కొత్త ప్రింటు రీలు పెట్టెలోంచి తీసినప్పుడు అద్దంలా ఉండేది. అది పెద్ద ఊళ్ళలో వంద ఆటలు ఆడి, చిన్న ఊళ్ళు తిరిగి, మళ్ళీ రెండో విడతకు మా దగ్గరకు వచ్చేసరికి నిలువు గీతలు పడి తెర మీద వాన కురిసేది. మేం దాన్ని వాన అనే అనేవాళ్ళం. ప్రేక్షకులూ అలాగే అనేవారు, కోపం వస్తే గొడుగులు తెమ్మని అరిచేవారు. రీలు మొదలూ చివరా అందరి చేతులూ పడే చోటు గనుక అక్కడే ఎక్కువగా తెగేది. తెగినచోట రెండు ఫ్రేములు కత్తిరించి, ఎమల్షన్ అనే పైపూత గీకి, సిమెంటు అనే ఫిల్ము జిగురు రాసి అతికేవాళ్ళం. ప్రొజెక్టరుకు వెలుగిచ్చే కార్బన్ కడ్డీల మధ్య దూరం సరిచూసుకోవడంలో ఒక్క నిమిషం ఏమరితే తెర మీద వెలుగు పసుపు తిరిగి ఒక పక్క మసకబారేది. నా మొదటి సంవత్సరంలో, వంటగదిలోంచి తెచ్చుకున్న ఉప్మా తింటూ అలా ఏమరినందుకు మా పెద్ద ఆపరేటరు నన్ను చాలా తిట్టాడు. ఆ రోజు మసకబారిన రీల్లో బొంబాయి రేవు సన్నివేశం ఉంది. ఆట అయ్యాక ఒకాయన క్యాబిన్ మెట్ల దగ్గరకు వచ్చి, రేవులో సాయంకాలం భలే తీశారని మెచ్చుకుని వెళ్ళాడు. అది మిట్టమధ్యాహ్నం సన్నివేశం.

శబ్దం విషయం కూడా ఇలాంటిదే. మన తెలుగు సినిమాలకూ, చాలామటుకు హిందీ సినిమాలకూ అప్పట్లో మాటలు తర్వాత రికార్డింగు థియేటర్లో కూర్చుని డబ్బింగు చెప్పేవారు. వీధిలో వాడే కెమెరాలు కుట్టుమిషన్లలా చప్పుడు చేసేవి కాబట్టి అక్కడ రికార్డు చేసిన మాట పనికొచ్చేది కాదు. అంటే మీరు కళ్ళు మూసుకుని విని పులకించే ఆ మహానగరపు హోరులో హారన్లూ, అమ్మేవాళ్ళ కేకలూ, రైలు కూతా ఒక్కొక్కటిగా ఎవరో ఎఫెక్ట్స్ మనిషి తలుపులు మూసిన గదిలో పేర్చినవే.

ఇక న్యూయార్కు. ఆ నగరం హఠాత్తుగా అన్ని సినిమాల్లో కనిపించడానికి పాలనాపరమైన కారణం ఒకటుంది. 1966లో అక్కడి మేయరు జాన్ లిండ్సే సినిమావాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక కార్యాలయం తెరిచి, అంతకుముందు పది చోట్ల తిరిగి తెచ్చుకోవలసిన అనుమతులను ఒక్కచోట ఇచ్చే ఏర్పాటు చేశాడు. 1968లో హాలీవుడ్ తన పాత నియమావళిని వదులుకుని వయసును బట్టి రేటింగులిచ్చే పద్ధతికి మారడంతో, అంతవరకు చూపకూడనివన్నీ చూపడానికి వీలు దొరికింది. ఈ రెండూ జరిగిన కాలంలోనే నగరం ఆర్థికంగా దిగజారింది. 1975లో దివాలా అంచుదాకా వెళ్ళింది. తలుపు తెరిచిన వేళకు ఇల్లు చిందరవందరగా ఉన్నదన్నమాట. వచ్చిన అతిథులు చూసిందే తీశారు.

చూసిందే తీశారంటే ఉన్నదున్నట్టు తీశారని కాదు. ‘ట్యాక్సీ డ్రైవర్’ 1975 వేసవిలో, ఎండలు మండిపోతున్న రోజుల్లో న్యూయార్కు వీధుల్లోనే తీశారు. అయితే అందులో అందరూ తలచుకునే చివరి కాల్పుల సన్నివేశాన్ని పైనుంచి చూపడానికి, కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఒక భవనంలో పైకప్పును కోసి కెమెరాకు దారి చేశారు. ఆ కోత ఏర్పాట్లకే మూడు నెలలు పట్టింది. ఆ సన్నివేశంలోని నెత్తురు తుప్పురంగులో, పాత ఫొటోలా కనబడుతుంది కదా, దాన్ని నగరపు కుళ్ళుకు ప్రతీకగా వివరించినవాళ్ళను నేను చూశాను. అసలు సంగతి ఏమిటంటే, రేటింగు ఇచ్చేవాళ్ళు పెద్దలకు మాత్రమే అనే ఎక్స్ ముద్ర వేస్తామన్నందుకు దర్శకుడు మార్టిన్ స్కోర్సేజీ ఆ భాగంలో రంగును తగ్గించి ఇచ్చాడు. దీనికి తిరగబడిన ఉదాహరణ కూడా ఉంది. 1974లో వచ్చిన ‘ద టేకింగ్ ఆఫ్ పెల్హామ్ వన్ టూ త్రీ’ అనే భూగర్భ రైలు సినిమాలో పెట్టెల మీద ఎక్కడా పిచ్చిరాతలు కనబడవు. అప్పటికి ఆ ఊరి రైలు పెట్టెలన్నీ ఆ రాతలతో నిండిపోయి ఉన్నాయి. అయినా సినిమాలో మాత్రం అవి ఒక్కటి కూడా కనబడకూడదని రవాణా సంస్థ పట్టుబట్టింది. మురికికి మారుపేరైన దశాబ్దంలో తీసిన సినిమా, తన ఊరికంటే శుభ్రంగా ఉండిపోయింది.

మరి ఇంత మాయ ఉంటే నిజమెక్కడ ఉందంటారా? అదుపు తప్పిన చోట ఉంది. 1971 నాటి ‘ద ఫ్రెంచ్ కనెక్షన్’లో బ్రూక్లిన్‌లో ఎత్తు వంతెన మీద పోయే రైలు కింద కారు తరుముకుపోయే ఘట్టం ఉంది. దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ అందులో కొంత భాగాన్ని సరైన అనుమతులు లేకుండా, మామూలు రద్దీ నడుస్తుండగానే తీశాడు. ఒకచోట ఆ కారు మరో కారును గుద్దుతుంది. గుద్దించుకున్న ఆయన నటుడు కాడు. షూటింగు జరుగుతోందని తెలియక పనికి బయల్దేరిన ఆ పేటవాసి. నిర్మాతలు ఆయన కారు బాగుచేయించి, ఆ ముక్కను సినిమాలో ఉంచేశారు. ఇది మెచ్చుకోవలసిన పని కాదు, మనుషులు పోయేవారే. అయినా మీకు ఆ ఘట్టం చూస్తున్నప్పుడు ఒళ్ళు గగుర్పొడవడానికి కారణం అదే: ఆ మనిషికి ఆ ఉదయం సినిమాతో పని లేదు, ఆఫీసుతో పని ఉంది.

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఆ ఊరి మీద మీకున్నంత ప్రేమ లేదు. 1970 జనాభా లెక్కల్లో న్యూయార్కులో 78.9 లక్షల మంది ఉన్నారు, 1980కి 70.7 లక్షలకు పడిపోయారు. పదేళ్ళలో ఎనిమిది లక్షల పైచిలుకు తరుగు. పోగలిగినవాళ్ళు పోయారు, పోలేనివాళ్ళు సినిమాల్లో వెనకాల నడుస్తూ కనిపించారు. సినిమాల్లోని పాత్రలైనా ఊరిని మెచ్చుకుంటాయా అంటే అదీ లేదు. ఆ ట్యాక్సీ డ్రైవరు ఎప్పటికైనా ఒక పెద్ద వాన వచ్చి ఈ వీధుల్లోని చెత్తను కడిగిపారేయాలని కోరుకుంటాడు. 1978లో వచ్చిన ముజఫర్ అలీ ‘గమన్’లోని బొంబాయి ట్యాక్సీవాడు ఉత్తరప్రదేశ్‌లోని పల్లెలో భార్యనూ తల్లినీ వదిలి వచ్చినవాడు, ఇంటికి పోవడానికి సరిపడా డబ్బు అతనికి ఎప్పటికీ కూడదు. మీరు అతని ఊరి కోసం బెంగపడుతుంటే, అతను ఆ ఊరినుంచి బయటపడే దారి కోసం బెంగపడుతున్నాడు. ఈ రెండు బెంగలూ ఒక్క తెర మీద కలుసుకోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

బొంబాయి విషయంలో బెంగకు ఇంకొక కారణం ఉంది, అది న్యూయార్కుకంటే న్యాయమైనదని నేననుకుంటాను. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన బట్టల మిల్లుల సమ్మెలో రెండు లక్షలకు పైగా కార్మికులు పాల్గొన్నారు. ఆ సమ్మె తర్వాత చాలా మిల్లులు మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. కాలక్రమంలో ఆ స్థలాల్లో మాల్సూ, అంతస్తుల భవనాలూ లేచాయి. అందుచేత అంతకు ముందరి హిందీ సినిమాలో దూరంగా ఒక పొగగొట్టమో, షిఫ్టు దిగి వస్తున్న జనమో కనబడితే, అది ఇప్పుడు లేని ఒక జీవనోపాధికి సాక్ష్యం. 1975 నాటి ‘దీవార్’లో కథానాయకుడు రేవు కూలీ. ఆనాటి కథానాయకుడికి భుజాన మోసే పని ఉండేది, కడుపు నింపుకునే వేళ ఉండేది. 1998లో మన రామ్‌గోపాల్‌వర్మ ‘సత్య’ తీసేనాటికి ఆ నగరంలో కొత్తగా దిగినవాడికి తేలిగ్గా దొరికే పని తుపాకీ అయింది. ఈ రెండింటి మధ్య 23 ఏళ్ళలో ఆ ఊరికి ఏమైందో పుస్తకాలకంటే ఈ తేడాయే నాకు ఎక్కువ చెప్పింది.

నా సొంత సంగతి కొంచెం చెప్పనివ్వండి. మాది కోటవీధి దగ్గర ఒక సందు. ఎదురింటి గుమ్మంలో నిలబడ్డవాళ్ళతో గొంతు పెంచకుండా మాట్లాడవచ్చు, అంత ఇరుకు. మా నాన్నగారు రేవులో కళాసీ. గాలి వాటాన్నిబట్టి రేవు నుంచి ఒక్కోరోజు ఇనుప ఖనిజపు ఎర్ర దుమ్ము, ఒక్కోరోజు బొగ్గు నల్ల దుమ్ము ఊరిమీదికి వచ్చేది. మా అమ్మ అన్నం పెట్టబోయే ముందు, కడిగి బోర్లించిన పళ్ళేలను మళ్ళీ కడిగేది. నేను క్యాబిన్‌కు వేసుకెళ్ళే తెల్ల చొక్కాను బకెట్లో ముంచితే నీళ్ళు ఇటుకపొడి కలిపినట్టయ్యేవి. అదే దుమ్ములోంచి సాయంత్రం డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూస్తే ఆకాశం ఎంత అందంగా ఉండేదో చెప్పలేను. ఎవరైనా కెమెరామన్ ఆ వేళకు అక్కడ ఉండి ఉంటే ఇవాళ మీరు ఆ దృశ్యాన్ని చూసి నిట్టూర్చేవారు, మా తమ్ముడి దగ్గు మాత్రం మీకు వినబడేది కాదు. 1996లో మేము ఆ సందు వదిలి మురళీనగర్ వెళ్ళాం. ఆ తర్వాత బతికిన పద్నాలుగేళ్ళలో మా అమ్మ ఒక్కసారి కూడా పాత ఇంటికి వెళ్దామనలేదు. అయితే కొత్త ఇంట్లో సాయంత్రం అయ్యేసరికి గేటు దగ్గర నిలబడి ఎవరూ లేని రోడ్డును చూసేది. ఏం చూస్తున్నావమ్మా అని అడిగితే, ఇక్కడ ఎవరింట్లో ఏ కూర వండుతున్నారో తెలియడం లేదురా అంది. ఆమె కోల్పోయింది అది. దుమ్మును కాదు.

వైజాగ్‌కు అలాంటి సినిమా ఎందుకు లేదన్న మీ ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులో పుట్టింది, వీధి కావాలంటే స్టూడియోలో వేసుకుంది. పట్నం అనేది మన కథల్లో చూడదగిన చోటు కాక, చెడిపోయే చోటుగా ఉండేది. పల్లె నుంచి పోయినవాడు బుద్ధి తెచ్చుకుని తిరిగి రావలసిందే. 1982లో ‘పట్నం వచ్చిన పతివ్రతలు’ అని సినిమా వచ్చిందంటే ఆ పేరులోనే అప్పటి దృష్టి అంతా ఉంది. నిజంగా నగరపు ఆకలిని చూపిన తెలుగు సినిమా అంటే నాకు మొదట గుర్తొచ్చేది 1981లో బాలచందర్ తీసిన ‘ఆకలిరాజ్యం’. ఆ కథ ఢిల్లీలో జరుగుతుంది. నిరుద్యోగి నోట అందులో వినిపించేది శ్రీశ్రీ కవిత్వం. 1910లో విశాఖపట్నంలో పుట్టిన కవి గొంతు ఒక తమిళ దర్శకుడి చేతిమీదుగా ఢిల్లీ వీధుల్లో పలికింది, మన వీధుల్లో పలకలేదు. అదే బాలచందర్ అంతకు మూడేళ్ళ ముందు విశాఖలోనూ భీమిలిలోనూ ‘మరో చరిత్ర’ తీశాడు, రంగుల కాలంలో పట్టుబట్టి నలుపు తెలుపుల్లో తీశాడు. ఆ సినిమా పుణ్యమా అని మన ఊరికి తెర మీద ఒక స్థిరమైన వేషం దొరికింది: సముద్రం, ఇసుక, ప్రేమికులు. తర్వాత వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ వేషాన్నే ఉతికి ఇస్త్రీ చేసి మళ్ళీ తొడిగారు.

ఈ ఊరికి గరుకు జీవితం లేక కాదు. రేవు 1933లో తెరుచుకుంది. 1941లో ఓడల నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1948లో ‘జల ఉష’ అనే ఓడ అక్కడి నుంచే నీళ్ళలోకి జారింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా వీధుల్లోకి వచ్చింది. వెల్డర్లు, కళాసీలు, లారీ క్లీనర్లు, చేపల రేవులో వేలంపాట పాడే ఆడవాళ్ళు, మూడు షిఫ్టుల సైరన్లు, అన్నీ ఉన్నాయి. అయితే వీటిలో చాలా చోట్లకు కెమెరాను రానివ్వరు. తూర్పు నౌకాదళం ఇక్కడ ఉంది, రేవూ ఓడల కేంద్రమూ చమురు కర్మాగారమూ అన్నీ కాపలా ఉన్న ప్రాంగణాలు. న్యూయార్కులో మేయరు పిలిచి అనుమతి ఇచ్చిన దానికి నేరుగా వ్యతిరేకమైన పరిస్థితి ఇది. అడ్డు లేనిది బీచ్ ఒక్కటే కాబట్టి సినిమాలన్నీ బీచ్‌కే వెళ్ళాయి. మన ఊరు తెర మీద ఎప్పుడూ సెలవులో ఉన్నట్టు కనిపించడానికి ఇది పెద్ద కారణమని నా లెక్క.

ఒక్కటి కూడా లేదన్న మీ మాటతో మాత్రం నేను ఏకీభవించను. 2018లో వెంకటేశ్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చూడండి, చూసి ఉంటే మళ్ళీ చూడండి. అందులో నటించినవాళ్ళలో చాలామంది ఆ పేటవాళ్ళే, అంతకుముందు కెమెరా ముందు నిలబడనివాళ్ళే. ఆ సినిమాలో మురికిని ప్రదర్శించాలన్న ఆత్రం కనబడదు. అరుగులు, మెట్లు, ఒకరి గుమ్మం ముందు నుంచి మరొకరి గుమ్మానికి వెళ్ళే దారి, అవి ఉన్న కొలతల్లోనే ఉంటాయి. కంచరపాలెంలో నాకు చుట్టాలున్నారు; ఆ సినిమా విడుదలైనప్పుడు మా చిన్నత్త కథను వదిలేసి వెనకాల ఎవరి ఇల్లు పడిందో, ఎవరి ఇల్లు పడలేదో చూసుకుంటూ కూర్చుంది. ఆపరేటరు చూపు ఆమెకు అప్పనంగా వచ్చింది.

ఇప్పటి సినిమాల్లో నగరం ప్రకటనలా ఉండడానికి దర్శకుల బద్ధకాన్ని ఒక్కదాన్నే తిట్టకండి. పూర్వం కెమెరాను వ్యానులో దాచి రద్దీ వీధిలో ఒక నటుణ్ణి నడిపిస్తే, నలుగురు తిరిగి చూసేలోగా షాటు అయిపోయేది. ఇప్పుడు పూర్ణా మార్కెట్లో ఒక పేరున్న నటుడు కారు దిగితే అర నిమిషంలో రెండొందల ఫోన్లు లేస్తాయి, ఊరు ఊరిలా ఉండడం మానేసి ప్రేక్షకులైపోతుంది. అందుకని వీధిని తాళ్ళతో మూసి, జూనియర్ ఆర్టిస్టులతో నింపుతారు, లేదంటే 1996 నుంచి హైదరాబాదు శివార్లలో ఉన్న ఫిల్మ్ సిటీకి పోయి అక్కడి వీధిలో తీస్తారు. డబ్బులు తీసుకుని నడిచే మనిషి నడక వేరుగా ఉంటుంది. అతను ఎక్కడికీ వెళ్ళడం లేదని అతని భుజాలే చెబుతాయి. ఇంత జరిగాక ఎవడైనా పొరపాటున కెమెరా వైపు చూస్తే, కంప్యూటర్లో అతణ్ణి తుడిచేస్తారు. డ్రోను వచ్చాక ఇంకో తమాషా మొదలైంది. కైలాసగిరి మీద నుంచి ఊరినంతా ఒక్క చూపులో చూపిస్తారు గాని, ఆ ఊళ్ళో ఒక్క మనిషి ముఖం కూడా కనబడదు.

మీరు ఈ విషయాన్ని లోతుగా పట్టించుకున్నారు కాబట్టి ఒక పద్ధతి చెబుతాను. నచ్చిన పాత సినిమాను మూడోసారి చూసేటప్పుడు శబ్దం ఆపేయండి. హీరో ఉన్న సగాన్ని అరచేత్తో మూసి, మిగిలిన సగాన్ని చూడండి. దుకాణాల బోర్డులు చదవండి, సినిమా పోస్టర్లు చూసి అది ఏ సంవత్సరమో లెక్కగట్టండి, ఎవరి చేతిలో ఏముందో గమనించండి. ఆ పని చేశాక కూడా మీకు ఆ మురికి మీదే బెంగ మిగిలితే నేను చెప్పింది తప్పని ఒప్పుకుంటాను.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక హిందీ సినిమా వారం ఆడింది. అందులో ఐదో రీలు చివర, కుడివైపు పై మూలన రీలు మార్చమని మాకు చెప్పే చుక్క పడే ముందు, హీరో టెలిఫోన్ బూత్‌లోంచి బయటికి వస్తాడు. సరిగ్గా ఆ చుక్క కింద ఒక బక్కపలచటి మనిషి రోడ్డు మీద కాలు పెట్టి, కెమెరాను చూసి, కాలు వెనక్కి తీసుకుంటాడు. చేతిలో క్యారియరు. రెండో ప్రొజెక్టరు మీద చెయ్యి వేసుకుని చుక్క కోసం ఎదురుచూస్తూ ఆ మనిషిని 28 సార్లు చూశాను. ఏ మిల్లులోనో షిఫ్టుకు ఆలస్యమైందని, సినిమావాళ్ళ వల్ల ఇంకా ఆలస్యమవుతోందని నాకు నేనే కథ అల్లుకున్నాను. ఏడాది తర్వాత అదే ప్రింటు రెండో విడతకు వచ్చింది. రీలు చివర ఎన్ని చేతులు అతికాయో, హీరో బూత్ తలుపు తీయగానే బొమ్మ ఎగిరి తర్వాతి రీల్లో పడింది. ఆ మనిషి లేడు.

పోయిన ఏడాది మా అబ్బాయి ఇంట్లో పెద్ద టీవీలో అదే సినిమా శుభ్రం చేసిన ప్రతి వేస్తుంటే కూర్చున్నాను. గీతలు లేవు, వాన లేదు, గ్రెయిన్ కూడా సగానికి సగం తీసేశారు. అంత శుభ్రం చేయనక్కర్లేదని గొణుక్కున్నాను కూడా. బూత్ దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి మళ్ళీ కనబడ్డాడు, కాలు పెట్టాడు, తీసుకున్నాడు. మా అబ్బాయి చేతిలోంచి రిమోట్ తీసుకుని అక్కడ ఆపాను. అతని చేతిలో ఉన్నది క్యారియరు కాదు. మెడకు తాడు కట్టిన ఫ్లాస్కు. రెండో చేతిలో, ఆస్పత్రిలో ఇచ్చేలాంటి మడతపెట్టిన చీటీ ఉంది.